మూడో నంబరు పిస్టన్

అది 2022. బాపట్ల కొత్తగా జిల్లా అయిన ఏడాది. తెనాలిలో నందివెలుగు రోడ్డు మీద నాకొక చిన్న షెడ్డు ఉంది. ముందు భాగంలో రెండు కార్లు పడతాయి. వెనక గదిలో మా నాన్న నడిపిన లేతు మిషను ఉంటుంది. ఆయన లేతు పనివాడు. నేను ఇంజిన్ల పనిలోకి దిగాను. మొదట పదకొండేళ్ళు నిజాంపట్నం హార్బర్లో చేపల బోట్ల ఇంజిన్లు బాగుచేశాను. ఆ తర్వాత పెళ్ళయి, ఇక్కడే కార్ల పనిలో స్థిరపడ్డాను.

అప్పటికి నా వయసు యాభై నాలుగు. నిజం చెప్పాలంటే పని తగ్గిపోతున్న రోజులవి. కొత్త కార్లన్నీ కంప్యూటర్ మీద నడుస్తాయి. ఏ చిన్న లైటు వెలిగినా జనం షోరూముకే తీసుకుపోతారు. నా దగ్గరికి వచ్చేవి పాత జీపులూ ట్రాక్టర్లూ, ఇంకెవరూ ముట్టుకోని బండ్లూ. బయటికి ఏమీ అనేవాణ్ణి కాదు గానీ, చేతిలో పనితనం ఉండి ఖాళీగా కూర్చోవడం నాకు లోలోపల కష్టంగానే ఉండేది.

దీపావళి వెళ్ళిన వారం లారీ మీద ఒక కారు వచ్చింది. రెండు సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. టాపు లేదు, నేలకి జానెడు ఎత్తులో ఉంది, ముదురు ఆకుపచ్చ రంగు. లారీ వెనకే చిన్న కారులో ఒకావిడ వచ్చారు. అరవై దాటిన మనిషి, నేత చీర, కాళ్ళకి స్పోర్ట్స్ బూట్లు. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడిచి వచ్చి, బాపట్లలో ముప్పై రెండేళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యానని, పేరు శారద అని చెప్పారు. కారు వాళ్ళ నాన్నగారిది. ఆయన ఇంజినీరు. ఎప్పుడో మద్రాసులో కొని తెచ్చుకున్నారట. ఆవిడ డ్రైవింగు నేర్చుకుంది కూడా దానిమీదేనట.

బానెట్ ఎత్తి చూశాను. ఇంజిన్ పక్కన సూపర్‌ఛార్జర్ ఉంది. అంటే గాలిపంపు. ఇంజిన్ ముందున్న చక్రానికి బెల్టు వేసి దీన్ని తిప్పుతారు. మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకోగలిగినంత గాలే పీల్చుకుంటుంది. ఈ పంపు ఇంకొంచెం గాలిని లోపలికి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది. నిజాంపట్నంలో ఒక పాత విదేశీ ట్రాలర్ డీజిలు ఇంజిన్‌కి ఇలాంటి పంపే ఉండేది. దాన్ని నేను మూడుసార్లు విప్పి బిగించాను. కారుకి ఉండగా చూడటం మాత్రం అదే మొదలు.

ఎందుకు తెచ్చారో ఆవిడే చెప్పారు. బాపట్ల అవతల కొత్తగా వేస్తున్న హైవేలో ఇంకా వాహనాలకి తెరవని ముక్క ఒకటి ఉంది. కార్ల మీద మోజున్న కొందరు కలిసి, పోలీసుల దగ్గరా రోడ్డు వేసేవాళ్ళ దగ్గరా అనుమతి తీసుకుని, డిసెంబరులో అక్కడ డ్రాగ్ రేసు పెడుతున్నారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా ఊపగానే కదులుతాయి, తిన్నగా నాలుగు వందల మీటర్లు. మలుపులు లేవు, ముందు దాటినవాళ్ళు గెలిచినట్టు. మేడం పోటీ పడబోయేది తన పాత విద్యార్థి పోలయ్యతో. పోలయ్య నాకూ తెలుసు. వాళ్ళది సముద్రం మీద బతికిన కుటుంబం. ఇప్పుడు అతనికి నాలుగు బోట్లూ, రేపల్లెలో ఒక ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. ఆ ఏడే కొత్త టర్బో కారు కొన్నాడు. పాత విద్యార్థుల కలయికలో మేడం కారు మాట వస్తే, అది ఎగ్జిబిషన్లో పెట్టుకోవాల్సిందేగానీ రోడ్డు మీద పనికి రాదని నవ్వుతూ అన్నాడట. అయితే రేసు గీత దగ్గరికి రమ్మని మేడం అన్నారట.

నేను ఆవిడ కాలు వైపు చూడటం ఆవిడ గమనించారు. జనవరిలో మోకాలి ఆపరేషన్ ఉందని, ఆ తర్వాత ఈ కారు క్లచ్ తొక్కగలనో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడని అన్నారు. ఆ తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ముప్పై రెండేళ్ళు బోర్డు మీద త్వరణం గురించి చెప్పాను మస్తాన్. ఒక్కసారి అందులో కూర్చుని చూడాలని ఉంది."

ఒక షరతు కూడా పెట్టారు. నాన్నగారు బిగించినది ఏదీ మార్చొద్దు. అరిగినవి మార్చండి, శుభ్రం చేయండి, బాగా నడిచేలా చేయండి. అంతే. నేను సరేనన్నాను.

మూడు వారాలు ఆ కారు మీదే పనిచేశాను. కార్బ్యురేటర్లు కడిగాను, బ్రేకులు కొత్తవి వేశాను, పంపు బేరింగులు మార్చాను. రేసు వాళ్ళ నియమం ప్రకారం సీటుకి బెల్టులు బిగించాను, మంటలార్పే సిలిండరు పెట్టాను. ఆ రోజుల్లో షెడ్డు తలుపు తీయడానికే ఉత్సాహంగా ఉండేది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యంగా వస్తున్నానని మా ఆవిడ రహీమా కోప్పడినా, ముఖంలో కళ వచ్చిందని తనే అనేది.

ఒకరోజు పోలయ్య బోటు పంపు ఒకటి పట్టుకుని వచ్చాడు. ఆకుపచ్చ కారు చుట్టూ తిరిగి చూశాడు. అతని మాటలో ఎగతాళి లేదు, చనువే.

"మస్తాను బాబాయ్, బాగుంది. కానీ నా కారు లోపల ఉన్న బుర్రకి ఇది సరిపోదు. నీ స్పానరు అందని కారు అది."

అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం అది ముల్లులా దిగింది. ఎన్నాళ్ళుగానో నన్ను నేను అనుకుంటున్న మాటే అతని నోట వచ్చింది.

ఆ సాయంత్రమే నాన్న లేతు మీద ఒక పుల్లీ తయారుచేశాను. పుల్లీ అంటే బెల్టు తిరిగే చక్రం. పంపు వైపు ఉన్న పుల్లీ చిన్నదైతే పంపు ఇంకా వేగంగా తిరుగుతుంది, ఇంజిన్‌లోకి ఇంకా ఎక్కువ గాలి పోతుంది. మేడం నాన్నగారు వేసినదానికంటే నాది బొటనవేలి వెడల్పు చిన్నది. పాతది విప్పి గుడ్డలో చుట్టి అరలో పెట్టి కొత్తది బిగించాను. మర్నాడు పొద్దున్నే చల్లటి వేళలో అమృతలూరు వైపు నడిపి చూశాను. కారు మునుపటికంటే చాలా బాగా లాగింది. తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా నవ్వుకున్నాను కూడా. మేడంకి చెప్పలేదు. గెలిచాక చెబితే సంతోషిస్తారులే అనుకున్నాను.

పోటీలో ఉన్నవాళ్ళు ఆదివారాలు ఆ రోడ్డు మీద సాధన చేసుకోవచ్చన్నారు. రేసుకి మూడు వారాల ముందు ఆదివారం కారు అక్కడికి తీసుకెళ్ళాం. మేడం మొదటిసారి పరుగు తీసి వచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఇవాళ కారు బాగా లాగుతోంది, ఏం చేశారు అని అడిగారు. ట్యూనింగు అండి, అన్నాను. చిన్న మాట. నా మొదటి అబద్ధం అది.

రెండోసారి, మూడోసారి వెళ్ళారు. మధ్యాహ్నం అయింది, ఎండ ముదిరింది. నాలుగోసారి సగం దూరంలో కారు వెనక తెల్లటి పొగ లేచింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆవిడ ఇంజిన్ ఆపేసి, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చుని ఉన్నారు. దెబ్బేమీ తగల్లేదు. కారుని లారీ ఎక్కించి తెనాలి తెచ్చాం.

మర్నాడు సిలిండర్ హెడ్ విప్పాను. మూడో నంబరు పిస్టన్ నెత్తిన రూపాయి బిళ్ళంత చిల్లు. అంచులు మైనంలా కరిగి ఉన్నాయి. దాన్ని డిటొనేషన్ అంటారు, మా భాషలో నాకింగు. గాలి మరీ ఎక్కువ కుక్కి, వేడి కూడా పెరిగితే, పెట్రోలు స్పార్కు వచ్చేదాకా ఆగకుండా తనే పేలిపోతుంది. ఆ పేలుళ్ళు సుత్తిదెబ్బల్లా పిస్టన్ మీద పడతాయి. పొద్దుటి చల్లదనంలో నాకు అది తెలియలేదు. మధ్యాహ్నపు వేడికి తెలిసింది. ఇందులో అనుమానానికి చోటు లేదు. నా పుల్లీ వల్లే జరిగింది.

ఆ సాయంత్రం మేడం ఫోను చేశారు. ఏమైందని అడిగారు. నేను నాన్న లేతు ముందు నిలబడి ఉన్నాను. నిజం నోటిదాకా వచ్చింది. కానీ నా నోరు వేరే మాట అంది.

"పాత ఇంజిన్ కదండీ. పిస్టన్ అలసిపోయింది. ఎప్పుడో ఒకప్పుడు పోయేదే."

ఆవిడ, ఎక్కువసేపు యాక్సిలరేటరు తొక్కి ఉంచానేమో, గేరు మార్చడం ఆలస్యం చేశానేమో, అన్నారు. కాదండీ అని నేను గట్టిగా అనలేదు. అలా అయి ఉండొచ్చండి అని కూడా అనలేదు. ఊరుకున్నాను. ఊరుకోవడంతోనే ఆ తప్పు ఆవిడ మీదికి వెళ్ళిపోయింది. అప్పుడు నాకా సంగతి తట్టలేదు. గండం గడిచిందని మాత్రం అనిపించింది.

మూడు రోజులు పిస్టన్ కోసం తిరిగాను. తెనాలి, గుంటూరు, పాత సామాన్ల కొట్లన్నీ చూశాను. అదృష్టం ఏంటంటే, దాదాపు అదే రకం ఇంజిన్ ఒకప్పుడు మన పాత టాక్సీల్లో ఉండేది. కొలత కలుస్తుంది. కానీ దొరికినవన్నీ అరిగిపోయినవో, పగిలినవో. చేతులు పని చేస్తున్నా మనసు పనిలో లేదు. అన్నం సగంలో వదిలి లేస్తుంటే రహీమా ఏమైందని అడిగింది. పిస్టన్ దొరకడం లేదన్నాను. పిస్టన్ దొరకనందుకు మీరెప్పుడూ ఇలా లేరే అంది.

నాలుగో రోజు పొద్దున మేడం మళ్ళీ ఫోను చేశారు. గొంతు మామూలుగానే ఉంది. రేసు నుంచి తన పేరు తీసేయమని చెప్పేశానన్నారు. ఆకుపచ్చ కారుని తొందర లేకుండా బాగుచేయమన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు.

"నా చిన్న కారు కూడా ఎవరికైనా కావాలేమో చూడండి మస్తాన్. నాలుగు రోజులుగా తీయడం లేదు. ఆటోలోనే వెళ్తున్నాను. ఇంజిన్ అంత బాధపడుతుంటే నా చెవికి వినపడలేదంటే, ఇక నడపకపోవడమే మంచిది."

ఫోను పెట్టేశాక నేను స్టూలు మీద కూర్చుండిపోయాను. నలభై ఏళ్ళుగా కారు నడుపుతున్న మనిషి. మోకాలు నొప్పిని లెక్కచేయని మనిషి. నా ఒక్క మాటతో తన చెవిని, తన చేతిని నమ్మడం మానేసింది. పిస్టన్ కరిగిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు.

షెడ్డు మూసేసి స్టేషన్‌కి వెళ్ళాను. బాపట్ల పాసింజరు దొరికింది. మేడం నాన్నగారి పుల్లీ, ఇంజిన్ నుంచి విప్పిన నా పుల్లీ, రెండూ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దారిపొడుగునా ఎలా మొదలుపెట్టాలా అని వాక్యాలు పేర్చుకున్నాను. వయసు మళ్ళినవాణ్ణి, ఆశపడ్డాను, క్షమించండి. ఇలా ఏవేవో. ఆవిడ ఇంటికి వెళ్ళి, తలుపు తీసిన మేడం ముఖం చూశాక అవేవీ గుర్తు రాలేదు. ఆవిడ మోకాలి మీద వేడి కాపడం పెట్టుకుంటూ లేచి వచ్చినట్టున్నారు. కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు.

"మీ తప్పు కాదండి. నేను మీకు చెప్పకుండా చిన్న పుల్లీ వేశాను. దానివల్లే పిస్టన్ పోయింది. ఫోనులో మీతో అబద్ధం చెప్పాను."

రెండు పుల్లీలూ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ కోప్పడతారని అనుకున్నాను. కోప్పడలేదు. రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. డ్రాయరులోంచి స్కేలు తీసి కొలిచారు. పాత దినపత్రిక అంచు మీద పెన్నుతో ఏదో లెక్క వేశారు. గాలి ఎంత పెరిగి ఉంటుందో, వేడి ఎంత పెరిగి ఉంటుందో రాసుకున్నారు. నేను వేసిన పుల్లీ పొద్దుటి చలికి సరిపోతుందని, మధ్యాహ్నానికి సరిపోదని ఆ లెక్క చెప్పిందట. పెన్ను పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీ లెక్క పెద్దగా తప్పలేదు మస్తాన్. చెప్పకపోవడమే తప్పు," అన్నారు చివరికి. "మార్చొద్దని నేను చెప్పాను కదా. మరి ఎవరి కోసం మార్చారు?"

నా కోసమే అండి, అన్నాను. పోలయ్య అన్న మాట చెప్పాను. పని తగ్గిన సంగతి చెప్పాను. నా చేతికి ఇంకా విలువుందని పదిమందికీ చూపించాలనుకున్నానని చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది గానీ ఆపలేదు. ఆవిడ అంతా విన్నారు. సరేనని అనలేదు, ఫరవాలేదని అనలేదు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి, ఒకటి నా ముందు పెట్టారు. రేసులోగా ఇంజిన్ తయారవుతుందా అని మాత్రం అడిగారు. పిస్టన్లు దొరికితే అవుతుంది, దొరుకుతాయని మాట ఇవ్వలేను అన్నాను. ఆ జవాబు సూటిగా ఉన్నందుకే అనుకుంటాను, ఆవిడ తల ఊపి, నిర్వాహకులకి ఫోను చేసి, తన పేరు ఉంచమని చెప్పారు.

నేను స్టేషన్‌కి వెళ్తానంటే వద్దన్నారు. గోడకి తగిలించిన తాళాలు తీసుకుని, తన చిన్న కారులో నన్ను స్టేషన్ దగ్గర దింపారు. దారిపొడుగునా ఆవిడ గేర్లు మారుస్తూ ఇంజిన్ చప్పుడు చెవి పెట్టి విన్నారు.

పిస్టన్లు ఎక్కడ దొరికాయో చెబితే నమ్మరు. నేను పిస్టన్ల కోసం తిరుగుతున్న సంగతి పోలయ్య చెవిన పడింది. మర్నాడే నా షెడ్డుకి వచ్చాడు. రేపల్లెలో తన ఐసు ఫ్యాక్టరీలో నీళ్ళ పంపు నడిపే పాత టాక్సీ ఇంజిన్ ఒకటి ఉందని, రెండేళ్ళ కిందటే కొత్త పిస్టన్లు వేయించామని, కరెంటు మోటారు పెట్టాక దాన్ని వాడటమే లేదని చెప్పాడు. తీసుకో బాబాయ్ అన్నాడు. రేసులో నీకు ఎదురుగా నిలబడే కారుకి నువ్వే పిస్టన్లు ఇస్తావా అని అడిగాను. మేడం రాకపోతే తానొక్కడే పరుగెత్తి ఎవరి మీద గెలవాలి అన్నాడు. అప్పుడతనికి కూడా పుల్లీ సంగతి చెప్పాను. అతను అన్న మాటకి నేను అలా చేశానని తెలిసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. నీ తప్పేమీ లేదు, నా బుద్ధే అన్నాను.

ఇద్దరం కలిసి రేపల్లె వెళ్ళి ఆ ఇంజిన్ విప్పాం. నాలుగు పిస్టన్లూ బాగున్నాయి. ఒక్కటే మారిస్తే బరువులు కలవవు, ఇంజిన్ అదురుతుంది, అందుకని నాలుగూ మార్చాను. మూడో సిలిండరు గోడకి పడిన గీతలు చేత్తో తీరిగ్గా రుద్ది తీశాను. పన్నెండు రోజులు పట్టింది.

బిగిస్తున్నప్పుడు ఒక విషయం గమనించాను. టాక్సీ పిస్టన్ల నెత్తి కాస్త గుంటగా ఉంటుంది. అంటే కంప్రెషన్ తక్కువ, పెట్రోలూ గాలీ కలిసి నలిగే ఒత్తిడి తక్కువ. అలాంటి ఇంజిన్ చిన్న పుల్లీని తట్టుకోగలదు. ఇప్పుడు దాన్ని వేస్తే నాకింగు రాకపోవచ్చు, రేసు గెలవొచ్చు కూడా. గంటసేపు ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. తర్వాత మేడంకి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. లాభం ఇది, ప్రమాదం ఇది, మధ్యాహ్నపు ఎండలో పరీక్షించడానికి రోజులు చాలవు అని.

"మీ కారే అయితే వేస్తారా?" అని అడిగారు ఆవిడ.

"వేయనండి. పరీక్షించకుండా వేయను."

"అయితే వద్దు. నాన్నగారిదే ఉంచండి."

నాన్నగారి పుల్లీ బిగించాను. రేసు రోజు పొద్దున ఎనిమిదింటికల్లా హైవే ముక్క మీద జనం చేరారు. రెండు వందల మంది ఉంటారేమో. కొత్త తారు వాసన, రోడ్డుకి ఇరుపక్కలా కోతకొచ్చిన వరి చేలు. ఆకుపచ్చ కారు పక్కన పోలయ్య ఎర్ర కారు వచ్చి నిలబడింది. టర్బో కూడా గాలి కుక్కే యంత్రమే, కాకపోతే అది పొగ తోసుకొచ్చే బలంతో తిరుగుతుంది, అందుకని పుంజుకోవడానికి క్షణం పడుతుంది. మా పంపు బెల్టుతో తిరుగుతుంది కాబట్టి మొదటి అడుగు నుంచే పనిచేస్తుంది. మా బలమంతా ఆ ఒక్క క్షణంలోనే ఉందని మేడంకి చెప్పాను. హెల్మెట్ లోంచి తల ఊపారు. ఎడమ కాలు క్లచ్ మీద వణుకుతోంది. నొప్పా అని అడిగాను. ఉంది, అన్నారు.

జెండా ఊగింది. ఆకుపచ్చ కారు ముందుకి దూకింది. పంపు సన్నగా ఈల వేసినట్టు అరిచింది. ఎర్ర కారు ముందు చక్రాలు ఒకసారి జారి పట్టుకున్నాయి. నూరు మీటర్ల దగ్గర మేడం రెండు కార్ల నిడివి ముందున్నారు. రెండు వందల దగ్గర ఒక కారు నిడివి. అక్కడి నుంచి పోలయ్య కారు ఆగకుండా దగ్గరికి వచ్చింది. మూడు వందలు దాటాక రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నేను ఇంజిన్ చప్పుడే వింటున్నాను. ఎక్కడా తడబాటు లేదు, నాకింగు లేదు. గీత దాటేసరికి ఎర్ర కారు సగం కారు ముందుంది.

ఓడిపోయాం. జనం చప్పట్లు కొడుతున్నారు, ఎవరికో తెలియదు. నేను నడుచుకుంటూ వెళ్ళేసరికి మేడం కారు పక్కకి తీసి ఆపి, హెల్మెట్ ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. పోలయ్య అప్పటికే వచ్చి, వంగి ఏదో చెబుతున్నాడు. ఆవిడ వినడం లేదు. నన్ను చూసి, సీటు వీపుని ఎలా తోసిందో, ఎంతసేపు తోసిందో, ఎక్కడ తగ్గిందో చేతులతో చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టారు. పాఠం చెబుతున్నట్టే చెప్పారు. కళ్ళు తడిశాయి.

"రెండో గేరు మార్చేటప్పుడు ఇంజిన్ నాకు స్పష్టంగా వినపడింది మస్తాన్," అన్నారు.

ఎవరో ఫోనులో వీడియో తీస్తూ నన్ను అడిగారు, ఇంకొంచెం ట్యూను చేస్తే గెలిచేవారు కదా అని. గెలిచేవాళ్ళమేమో, అన్నాను. నిజంగానే అలా అనిపించింది. మనసులో కాస్త కలుక్కుమంది కూడా. కాదని చెబితే అదింకో అబద్ధం అవుతుంది.

జనవరిలో ఆవిడకి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు ఆకుపచ్చ కారుని నేనే వారానికోసారి కాసేపు నడిపి పెట్టాను. తర్వాత ఆవిడే నడపడం మొదలుపెట్టారు, తక్కువ దూరాలకి. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు సర్వీసుకి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఏమేం చేయాలో కాగితం మీద రాసి తెస్తారు. కింద ఖాళీ వదిలి, మీరు చేయాలనుకున్నవి ఇక్కడ రాయండి అంటారు. నేను రాస్తాను. కొన్నిటికి సరే అంటారు, కొన్నిటికి వద్దంటారు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీకు బాగా గుర్తున్న బండి ఏదని. ఈ కారు గురించి చెబుతాను. పంపులూ పుల్లీల గురించి వాళ్ళు ఆసక్తిగా వింటారు. మిగతాది చెప్పేటప్పుడు కొందరు ఇబ్బందిగా నవ్వుతారు, ఎందుకంటే అలాంటి ఫోను మాటలు అందరం ఎప్పుడో ఒకప్పుడు చెప్పినవే. బండి ముసలిదైందండీ, రోడ్డు బాగోలేదండీ, పెట్రోలు కల్తీ అండీ. అవి మనల్ని కాపాడతాయని అనుకుంటాం. అవతలి మనిషి ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళి ఏం చేసుకుంటాడో మనకి తెలియదు.

ఇప్పుడు నా షెడ్డులో నా చేతి వల్ల ఏది చెడినా, ఆ సాయంత్రంలోగా బండి యజమానికి నేనే ఫోను చేస్తాను. దానివల్ల ఒకరిద్దరు నా దగ్గరికి రావడం మానేశారు. నాకు కష్టంగానే ఉంటుంది. అయినా చేస్తాను. కరిగిన పిస్టన్‌కి బదులు పిస్టన్ దొరికింది. శారద మేడం తన మీద తనకి నమ్మకం పోయి, ఆటో కోసం గుమ్మంలో నిలబడిన ఆ నాలుగు రోజులు మాత్రం నేను ఆవిడకి తిరిగి ఇవ్వలేను.